మొదటి రోజు బెల్లం

"మీ అత్త ఈ పొద్దు పొయ్యి ముట్టించలేదమ్మా."

పోయిన నెలలో ఒక ఉదయం, తిరువళ్ళూరులో మా ఇంటి గుమ్మం ముందు నిలబడి ఏట్టయ్య అన్న మాట ఇది. ఆయన తిరుత్తణి పోలీసు స్టేషనులో హెడ్ కానిస్టేబులు. హెడ్డును మా వైపు అరవంలో ఏట్టు అంటారు, గౌరవానికి ఒక అయ్య తగిలిస్తారు. మొదటి రైలుకే బయల్దేరి వచ్చినట్టున్నాడు, టోపీ తీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు. నాకు వెంటనే తట్టలేదు. జ్వరమా అని అడిగాను.

"జొరం గాదమ్మా. నిద్దట్లోనే పోయినట్టుండాది. పాలామె తలుపు తట్టి తట్టి, పలక్కపోతే నన్ను పిలిచింది. లోపలికి పోయి చూస్తే పొయ్యి చల్లగా ఉండాది. అప్పుడే నాకు తెలిసిపాయె."

మా ఆయన పెరట్లో కుంచెలు కడుగుతున్నాడు. విన్నాడు. గోడకు ఆనించిన నిచ్చెన మొదటి మెట్టు మీద కూర్చుండిపోయాడు. నేను మాత్రం గట్టిగానే ఏడ్చాను. అత్త పోతే కోడలు ఏడవడం లోకం కోసమే అంటారు. అనుకునేవాళ్ళు అనుకోనీండి. మా అమ్మ పోయినప్పుడు కూడా నేనంత ఏడవలేదు.

ఆమె ఎవరో చెప్పాలి. తిరుత్తణిలో తాలూకా కచ్చేరి ఆవరణలోనే పోలీసు స్టేషను, దాని వెనకే సబ్‌జైలు. పట్టుకొచ్చినవాళ్ళను మేజిస్ట్రేటు ఏదో ఒకటి తేల్చేవరకు అక్కడ పెడతారు. వాళ్ళకు అన్నం వండడం సర్కారు పని కాదు, ఆ పని ఊళ్ళో ఒకరికి అప్పగిస్తారు. మా మామగారికి ఆ కంట్రాక్టు ఉండేదట. మా ఆయన పసివాడుగా ఉన్నప్పుడే ఆయన పోతే, ఆ పొయ్యి ఆరనివ్వకుండా మా అత్త అందుకుంది. జైలు గోడకు ఇవతల మా వంటిల్లు. పొద్దున గంజి, మధ్యాహ్నం సంగటీ పులుసూ, సాయంత్రం అరటాకులో కట్టిన అన్నం పొట్లం. ఊళ్ళో ఆమెను పేరుతో పిలిచినవాళ్ళు లేరు. జైలుకు కూడు పెట్టే అమ్మ అని 'జైలు కూటమ్మ' అనేవాళ్ళు. తిరువాలంగాడు దగ్గర పల్లెలో నాలుగెకరాల ఇంటి నుంచి వచ్చినదాన్ని, ఆ పేరు వింటే నాకు తల కొట్టేసినట్టుండేది.

కాపురానికి వచ్చిన రోజే ఆమె పద్ధతి చూశాను. గోడ అవతల నుంచి పోలీసు కేకేస్తే ఆమె అడిగేది రెండే సంగతులు. లోపల ఎంతమంది? కొత్తోళ్ళు ఎవురన్నా ఉండారా? కొత్తవాడుంటే ఆ పొట్లంలో అన్నం పక్కన నిమ్మకాయంత బెల్లం ముక్క పెట్టి కట్టేది. పాతవాళ్ళకు లేదు. అది సర్కారు లెక్కలో లేనిది, ఆమె సొంతం.

"మొదటి దినం లోపలికి పోయినోడికి అన్నం గొంతు దిగదు పిల్లా. బెల్లమైతే నోట్లో దానంతటదే కరుగుతాది. అది దిగితే వెనకాల అన్నమూ దిగతాది" అని చెప్పింది.

ఆ బెల్లం తీసిన చేతిని ఆమె ఎన్నడూ కడగలేదు. వంటింటి ద్వారబంధానికి ఒక్క రాపు రాసేది. ఏళ్ళ తరబడి అలా రాసీ రాసీ ఆ కొయ్య మీద ఆమె భుజం ఎత్తున నల్లటి మరక కట్టింది. దానికి ఎప్పుడూ చీమలు. నేను పేడనీళ్ళతో తుడిచేదాన్ని. మర్నాటికి మళ్ళీ మరక, మళ్ళీ చీమలు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు నేను ఆ ద్వారబంధాన్ని తిట్టేదాన్ని. ఆమెకు వినపడేటట్టే తిట్టేదాన్ని.

"చీమలు మాత్రం ఎవురి సొమ్ము తిన్నాయిమే? అవీ కొత్తగా వచ్చినట్టుండాయి" అనేది.

ఆమె నోరు మంచిదని నేను చెప్పను. నేను సంగటి కెలికితే ఉండలు కట్టేది. "నీ సంగటి రెండు పూటలు పెడితే ఎంత గజదొంగైనా నేరం ఒప్పుకుంటాడు. ఏట్టయ్యకు లాఠీ పనే ఉండదు" అని గోడ అవతలికి వినిపించేటట్టు అంది. లోపలివాళ్ళు పగలబడి నవ్వారు. ఆ నవ్వు విని నేను రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె అదేం గమనించినట్టు కూడా లేదు.

ఒకసారి అడిగాను. లోపల ఉన్నవాడు మనిషిని చంపినవాడైతేనో, వాడికి కూడా బెల్లమేనా అని. ఆమె పులుసు కలియబెడుతూ, "కూడు పెట్టేది నా పని. కాపలా ఏట్టయ్య పని. తీర్పు చెప్పేది మేజిస్ట్రేటు సామి పని. ఒకరి పనిలోకి ఇంకొకరు దూరితే ఊరు నిలవదు" అంది. అప్పుడు అదొక ముసలమ్మ చాదస్తం అనుకున్నాను. ఆ మాట మీదనే నా పసుపుకుంకాలు నిలబడతాయని తెలిసుంటే ఇంకొంచెం శ్రద్ధగా వినేదాన్ని.

మా ఆయనది బోర్డులు రాసే పని. తెలుగూ రాస్తాడు, అరవమూ రాస్తాడు, రెండు పూటలా తినడానికి అదే ఆధారం. ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన రోజులవి. తిరుత్తణి అటు చేరింది, తిరువళ్ళూరు మద్రాసులోనే ఉండిపోయింది. తిరుత్తణి మద్రాసుకు తిరిగి రావాలని ఒక ఊరేగింపు, పోనివ్వం అని ఇంకొక ఊరేగింపు. మా ఇంట్లో చూస్తే బేరమాడేది అరవంలో, తిట్టుకునేది తెలుగులో, ఏడ్చేది ఏది ముందొస్తే అందులో. ఇళ్ళన్నీ దాదాపు అంతే. కానీ ఊరేగింపులో చేరితే మనిషికి ఒకటే భాష మిగులుతుంది కాబోలు. అరవం ఊరేగింపు వస్తే తెలుగు బోర్డు మీద రాయి, తెలుగు ఊరేగింపు వస్తే అరవ బోర్డు మీద తారు.

అంగళ్ళవాళ్ళకు తల తిరిగిపోయింది, మా ఆయనకు పని పెరిగింది. ఒకే బోర్డును వారంలో రెండుసార్లు మార్చి రాసిన రోజులున్నాయి. చివరికి బియ్యం మండీ ఆసామికి ఒక ఉపాయం తట్టింది. బోర్డు మొత్తం నల్లరంగు పూసెయ్, గొడవలు చల్లారినాక రాసుకుందాం, అసలు అక్షరమే లేకపోతే ఎవడు మాత్రం దేని మీద రాయి వేస్తాడు అన్నాడు. మా ఊరివాళ్ళకు తప్ప ఇంకెవరికీ రాని తెలివి అది. మా ఆయన సరేనన్నాడు. తాను రాసిన అక్షరాలు తానే చెరుపుకోవడం ఇష్టం లేక రెండు రోజులు వాయిదా వేశాడు. ఆ రెండు రోజుల్లోనే ఊరు మారిపోయింది.

రైలును ఆపారు, స్టేషను మీద రాళ్ళు పడ్డాయి, పోలీసులకూ దెబ్బలు తగిలాయి. నలుగురు కలిసి నిలబడకూడదని దండోరా వేశారు. అదీ చాలక ఎక్కడి నుంచో పటాలం దిగింది. రైలు స్టేషను దగ్గర మూతబడ్డ రైసుమిల్లులో దిగారు. వాళ్ళను చూసి మొదట మేమంతా ఊపిరి పీల్చుకున్నాం, అబద్ధమెందుకు. ఆ సాయంత్రం రాళ్ళ చప్పుడు లేదు. మర్నాడు మా వీధిలో ఇద్దరు సిపాయిలు ఎండలో నిలబడి ఉంటే మా అత్త చెంబుతో మజ్జిగ తీసుకుపోయి పోసింది. వాళ్ళ మాట ఆమెకు రాదు, ఆమె మాట వాళ్ళకు రాదు. ఒక కుర్రసిపాయి తాగి చెంబును కళ్ళకద్దుకున్నాడట. "పాపం, ఎవురు కన్న బిడ్డలో. వాళ్ళకు మాత్రం మన ఊరి గొడవ ఏం తెలుస్తాది" అని లోపలికి వచ్చింది.

ఆ మధ్యాహ్నమే మా ఆయన మండీ బోర్డుకు నలుపు పూయడానికి పోయాడు. చేతిలో నల్లరంగు డబ్బా, వెడల్పాటి కుంచె, భుజాన నిచ్చెన. బోర్డు సగం నల్లబడేసరికి పటాలం లారీ వచ్చింది. బోర్డులకు తారు పూసేవాళ్ళను పట్టుకోమని వాళ్ళకు చెప్పి పంపి ఉంటారు. వాళ్ళ కళ్ళ ముందు ఒకడు పట్టపగలు నిచ్చెనెక్కి బోర్డును నల్లగా పూస్తున్నాడు. వాళ్ళను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. మండీ ఆసామి తలుపు సందులో నుంచి చూసి తలుపు వేసుకున్నాడు. మా ఆయన తెలుగులో చెప్పాడు, అరవంలో చెప్పాడు. అక్కడ ఆ రెండూ చెల్లలేదు.

పక్కింటి పూలక్క పూలబుట్ట నెత్తిన పెట్టుకునే పరుగెత్తుకొచ్చింది. "అత్తా, నీ కొడుకును లారీ ఎక్కించినారు. తుపాకోళ్ళు ఎక్కించినారు" అంది.

నేను అక్కడే కూలబడ్డాను. అత్త కూలబడలేదు. చెయ్యి కడుక్కుని స్టేషనుకు పోయింది. ఇంకా తేలేదన్నాడు ఏట్టయ్య, తెస్తారులే అన్నాడు. ఆమె తిరిగి వచ్చి సాయంత్రం పొట్లాలు కట్టింది. ఒకటి ఎక్కువ కట్టింది. అందులో బెల్లం పెట్టింది. కన్నకొడుకు కదా అని పెద్ద ముక్క పెట్టలేదు, అందరికీ పెట్టేటంతే పెట్టింది. అది నేను కళ్ళారా చూశాను.

కాసేపటికి ఏట్టయ్య గోడ చుట్టూ తిరిగి మా తిన్నె దగ్గరికి వచ్చాడు. కట్టు విప్పని పొట్లం తిన్నె మీద పెట్టాడు.

"లోపల లేడమ్మా. మా దగ్గరికి తేలేదు. మిల్లులోనే పెట్టుకున్నారంట. ఇంకా కొందరుండారంట ఆడ."

"మీ పుస్తకంలో ఎక్కలేదా?"

"ఎక్కలేదు. మాకు అప్పగిస్తే గదా ఎక్కేది."

మా అత్త భయపడడం నేను అప్పుడొక్కసారే చూశాను. ఆమె ఆ పొట్లం కేసే చూస్తూ నిలబడింది. అన్నేళ్ళలో ఎవడు లోపలికి పోయినా ఆమె పొయ్యికి తెలిసేది. దొంగ గానీ, తాగుబోతు గానీ, అన్నదమ్ముడి తల పగలగొట్టినవాడు గానీ, వాడి పెళ్ళాం ఏడుస్తూ వస్తే, "ఉండాడు, పొద్దున గంజి తాగినాడు, పో" అని ఈమె చెప్పేది. ఆ ఒక్క మాటతో వాళ్ళ ఏడుపు సగం ఆగేది. ఇప్పుడు ఆమె కొడుకు గురించి ఆ మాట చెప్పేవాళ్ళు లేరు.

చీకటి పడకముందే మేమిద్దరం మిల్లు దగ్గరికి పోయాం. గేటు దగ్గర సిపాయి తుపాకీ అడ్డం పెట్టాడు. మజ్జిగ తాగిన కుర్రవాడే. ఆమెను గుర్తుపట్టాడు, తల దించుకున్నాడు, తుపాకీ మాత్రం దించలేదు. లోపలి నుంచి ఒక సుబేదారు వచ్చాడు. పెద్దవాడు, నెరిసిన మీసాలు, అరవం వచ్చు. మర్యాదగానే మాట్లాడాడు.

"దిగులుపడబాకమ్మా. నీ కొడుక్కు ఏమీ కాదు. రొట్టె పెట్టినాం. రెండు మూడు దినాలు విచారించి వదిలేస్తాం" అని అరవంలో అన్నాడు.

నాకైతే ప్రాణం లేచొచ్చింది. దణ్ణం పెట్టి తిరగబోయాను. అత్త నా చెయ్యి పట్టి ఆపింది.

"మీరు మంచోళ్ళు సామీ, మొగం చూస్తే తెలుస్తా ఉండాది. రేపు మీకు వేరే ఊరికి ఆర్డరొస్తే పోతారు. అప్పుడు నేను ఎవుర్ని అడగాల? నా కొడుకు మీ దగ్గర ఉండాడని ఏ పుస్తకంలో ఉండాది?"

ఆయన కోపం తెచ్చుకోలేదు. మీసం సవరించుకుని లోపలికి పోయాడు.

తిరిగి వచ్చే దారిలో నేను ఆమెను తప్పు పట్టాను. అంత మంచిగా చెప్తుంటే ఎదురు మాట్లాడతావేంటత్తా, వాళ్ళకు కోపం వస్తే ఏం కావాలి అన్నాను.

"మంచోడి దయ మీద బతికితే చెడ్డోడు వచ్చిన దినం చస్తాం" అంది. కొంచెం దూరం నడిచాక, "అడగడానికి ఒక గడప ఉండాల పిల్లా. లేకుంటే మనిషి ఉన్నా లేనట్టే" అంది.

మర్నాడు కచ్చేరి తెరిచేసరికి ఆమె మేజిస్ట్రేటు గుమ్మం ముందు ఉంది. విప్పని పొట్లం కొంగులో పెట్టుకుంది. నేను వెనక నిలబడ్డాను. ఆ మేజిస్ట్రేటు ఉబ్బసం మనిషి, మెల్లగా మాట్లాడేవాడు. రోజూ ఆమె కూడు గోడ దాటడం చూసేవాడే గానీ ఎప్పుడూ ఎదురుగా మాట్లాడింది లేదు.

"సామీ, నా కొడుకును జైల్లో పెట్టండి" అంది.

ఆయన కళ్ళద్దాలు తీశాడు. "అందరూ విడిపించమని వస్తారు. నువ్వేమిటమ్మా, పెట్టమంటావు?"

"విడిపించేదీ లేనిదీ మీ పని, అది నేనడగను. వాడు తప్పు చేసింటే శిక్ష వెయ్యండి. పటాలమోళ్ళు పట్టుకున్నారు, పట్టుకోనీ. పెట్టుకోడానికి వాళ్ళెవురు సామీ? మీ జైలు కొట్లో ఉంటే నా కూడు పోతాది. నా కూడు పోయే చోట నా కొడుకు బతికుండాడని నాకు తెలుస్తాది. ఆ మిల్లులోకి నా కూడు పోదు, మీ మాటా పోతుందో లేదో నాకు తెలీదు" అని ఆ పొట్లాన్ని ఆయన బల్ల మీద పెట్టింది.

గుమాస్తా దాన్ని తీసెయ్యబోయాడు. ఆయన వద్దన్నాడు. నా మాటా పోతుందో లేదో అని తనలో తానే అనుకున్నట్టు మెల్లగా అన్నాడు. ఆయనకు తగిలింది అదేనని నేననుకుంటాను. చెడ్డవాడు కాదు. ఊరు తగలబడుతుంటే పటాలం వచ్చింది, పట్టుకున్నవాళ్ళ సంగతి తర్వాత చూద్దామనుకుని ఉంటాడు. ఆ తర్వాత అనేది ఎంత లోతుగా ఉంటుందో ఆ బల్ల మీద చద్దిపొట్లం చూశాక తెలిసినట్టుంది. జట్కా కట్టమన్నాడు. ఏట్టయ్యను వెంటబెట్టుకుని తానే మిల్లుకు పోయాడు.

అక్కడ జరిగింది ఏట్టయ్య చెప్తే విన్నాం. పటాలం ఆఫీసరు కుర్రవాడట. మేజిస్ట్రేటు ఆయాసపడుతూనే ఇంగ్లీషులో చెప్పాడట. మా చేత కాక మిమ్మల్ని పిలిచాం, మీరు వచ్చి గుంపును ఆపారు, అంతవరకు మీ పని. పట్టుకున్న మనిషిని అప్పుడే పోలీసుకు అప్పగించాలి. ఒక్క రోజు దాటకుండా వాడు నా ముందు నిలబడాలి. మీ దగ్గర పెట్టుకుని విచారించే అధికారం మీకు లేదు, దాన్ని మీకు ఇచ్చే అధికారం నాకూ లేదు. ఆ కుర్ర ఆఫీసరు వాదించలేదట. "తీసుకుపొమ్మని ఎవరూ రాలేదు సార్. వీళ్ళను ఏం చెయ్యాలో మాకు తెలీక పెట్టుకున్నాం" అన్నాడట. ఏం చెయ్యాలో తెలియనివాళ్ళ చేతిలో, అడిగేవాళ్ళు లేకుండా, నా పెనిమిటి ఒక పగలూ ఒక రాత్రీ ఉన్నాడు.

వాళ్ళను నడిపించుకుని వచ్చారు. మా ఆయన, ఈ వైపు ఊరేగింపు కుర్రాళ్ళు, ఆ వైపు ఊరేగింపు కుర్రాళ్ళు, దారిన పోతూ చిక్కిన ఒక మేకల ఆసామి. కచ్చేరి గేటు దగ్గర సిపాయిలు ఆగిపోయారు, పోలీసులు అందుకున్నారు. మొగుడు జైలుకు పోతుంటే సంతోషంతో ఏడ్చిన ఆడది లోకంలో నేనొక్కతెనే అయ్యుంటాను. అత్త కొడుకును పిలవలేదు. మా ఆయన కుడిచేతి కేసి చూసింది. వేళ్ళు వాచి నల్లబడి ఉన్నాయి.

ఎవరు కొట్టారని అడిగితే, లారీ దిగేటప్పుడు పడ్డానన్నాడు. ఆమె నమ్మలేదు. నేనూ నమ్మలేదు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని మేజిస్ట్రేటు ముందు చాపింది.

"ఇది చూడండి సామీ. వీడు చెప్పడు. మీరు చూసినట్టు రాయండి."

ఆయన చూశాడు, రాశాడు, డాక్టరును పిలిపించాడు. తర్వాత ఆ సంగతి ఏమైందంటే పెద్దగా ఏమీ కాలేదు. కానీ ఆ రోజు తర్వాత మిల్లులో ఎవరినీ పెట్టలేదు. పట్టుకున్నవాళ్ళను పట్టుకున్నట్టే గేటు దగ్గరికి తెచ్చారు. అంతే జరిగింది. అంతే చాలు అనేది మా అత్త.

ఇంటికి వచ్చి ఆమె అన్న మొదటి మాట, "పొయ్యి ఎగదొయ్యి పిల్లా. అందరూ కొత్తోళ్ళే." జాడీలో బెల్లం అడుగంటింది. ఈ వైపు కుర్రాళ్ళకూ ఆ వైపు కుర్రాళ్ళకూ అదే ముక్క. ఏట్టయ్య వచ్చి, ఊరు ఎవరిదని నిన్నటి దాకా రాళ్ళు రువ్వుకున్నోళ్ళు లోపల ఒకే చెంబు నీళ్ళు తాగతా ఉండారని చెప్పాడు. "తాగరా మరి, నీ కోడలి సంగటి గొంతు దిగాలంటే నీళ్ళు కావాల గదా" అని ఎగతాళి కూడా చేశాడు. మండీ ఆసామికి చివరికి సిగ్గేసి వచ్చి నిజం చెప్తే మా ఆయనను వదిలేశారు.

పటాలం తిరిగి పోయే రోజు ఆ సుబేదారు మా వంటింటికి వచ్చాడు. తిన్నె మీద కూర్చుని సంగటి తిన్నాడు. వేళ్ళ సంగతి ఆయన ఎత్తలేదు, ఆమె ఎత్తింది. ఎవరు చేశారో చెప్పమని కాదు, జరిగిందని తెలుసునా అని మాత్రం అడిగింది. తెలుసునన్నట్టు తల ఊపాడు.

"ఇది మా పని గాదమ్మా. యుద్ధంలో ఎదురుగా ఉండేది శత్రువు. ఈడ ఎవుర్ని చూసి శత్రువనుకోవాల? అట్లా అనుకునేటట్టు నేర్పించి పంపిస్తారు మా పిల్లోళ్ళని" అన్నాడు.

ఆమె లోపలికి పోయి ఇంత బెల్లం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఊరికి మీరూ కొత్తోళ్ళే గదా, ముందే పెట్టాల్సింది అంది. చెయ్యి ద్వారబంధానికి రాసింది.

మా ఆయన వేళ్ళు సర్దుకోవడానికి చాలా కాలం పట్టింది. ఇప్పటికీ చలికాలంలో సన్నకుంచె పట్టలేడు. తర్వాత మేము పని కోసం తిరువళ్ళూరు వచ్చేశాం. రమ్మంటే ఆమె రాలేదు. "నేనొస్తే లోపలోళ్ళకు ఎవురు?" అనేది. ఈ ఏడు ఊరు మళ్ళీ మద్రాసు వైపు మారింది. కచ్చేరి మీద బోర్డు మారింది. గోడ ఇవతల పొయ్యి మాత్రం మారలేదు. పోయినసారి చూడ్డానికి పోయినప్పుడు, ఇప్పుడు మనం ఏ రాష్ట్రం అత్తా అని ఆటపట్టించాను. "కూడు పెట్టే రాష్ట్రం" అని నన్ను గరిటెతో అదిలించింది.

ఏట్టయ్యతో కలిసి తర్వాతి రైలుకే మేము తిరుత్తణి చేరాం. అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. ఎంత చిన్న మనిషో అప్పుడే చూసినట్టుంది నాకు. నోరు ఉన్నంతకాలం ఆ సంగతి తెలియలేదు. చుట్టాలు వచ్చారు, డప్పులవాళ్ళు వచ్చారు. ఏట్టయ్య మాత్రం గోడ దగ్గరే నిలబడి టోపీ తిప్పుకుంటున్నాడు. ఏదో అడగాలనుకుని అడగలేకపోతున్నాడు. అప్పుడు నాకు తెలిసింది. పొద్దున మా గుమ్మంలో ఆయన చెప్పింది చావు కబురు ఒక్కటే కాదు.

"లోపల ఎంతమంది ఏట్టయ్యా?" అన్నాను.

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "నలుగురమ్మా. పొద్దున్నించి ఏమీ తాగలేదు. ఎట్లా అడిగేదని..."

"కొత్తోళ్ళు ఉండారా?"

"ఒకడు. నిన్న మాపు తెచ్చినారు. బిత్తరపోయి కూర్చోనుండాడు."

శవం ఉన్న ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. పూలక్క ఇంట్లో వెలిగించాను. శవాన్ని వదిలి దొంగలకు వండుతుందా అని చుట్టాలలో ఒకామె ముక్కున వేలేసుకుంది. మా ఆయన మాత్రం వచ్చి నాకు అరటాకులు తుడిచి ఇచ్చాడు. సంగటి ఉండలు కట్టింది. అలాగే పెట్టాను. తిట్టడానికి మనిషి లేదు.

బెల్లం కోసం అత్త వంటింట్లోకి పోయాను. చల్లటి పొయ్యి, బోర్లించిన కుండ, జాడీ. నిమ్మకాయంత ముక్క విరిచి ఆకులో పెట్టి, పొట్లాలన్నీ గోడ మీదుగా అందించాను. కాసేపటికి ఏట్టయ్య అవతల నుంచి, "తిన్నాడమ్మా" అన్నాడు. అప్పుడు శవాన్ని లేపారు.

సాయంత్రం స్నానం చేసి వంటింట్లో దీపం పెట్టబోతూ చూశాను. ద్వారబంధం మీద ఆమె భుజం ఎత్తున పాత మరక ఉంది. దాని పైన, నా భుజం ఎత్తున, ఇంకా తడి ఆరని కొత్త మరక ఒకటి ఉంది. నేను ఎప్పుడు రాశానో నాకు గుర్తు లేదు. కింది మరక నుంచి చీమలు బారు కట్టి పైకి ఎక్కుతున్నాయి.